ఆ షీట్లో మొదటి గడి

ముప్పై ఒక్క ఏళ్ల నాలుగు నెలల ఉద్యోగంలో నేను రోగుల పుస్తకాల్లో ఎర్ర సిరాతో రాసింది తొమ్మిది సార్లు. అందులో ఎనిమిది సార్లు రాసింది నిజం. ఇది ఆ తొమ్మిదోదాని గురించి.

నేను దక్షిణ ఢిల్లీలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో డైటీషియన్‌గా పనిచేశాను. ఇది చదివే తోటి డైటీషియన్లు, మీలో చాలామంది ఇప్పుడు ఫోన్లలోనే చార్టులు పంపుతున్నారు. మాకు కింది అంతస్తులో ఒక గది, ఒక బల్ల, బరువు తూచే మిషను, కొలతలు చూపించడానికి మూడు స్టీలు గిన్నెలు ఉండేవి. గిన్నెలు మూడూ నేను ఇంటి నుంచి తెచ్చినవే. నూట యాభై మిల్లీలీటర్ల గిన్నె అంటే సరిగ్గా నూట యాభై పట్టాలి. ఆసుపత్రి ఇచ్చిన దాంట్లో నూట డెబ్బై పట్టేది. నేను కొలిచి చూసి వెనక్కి ఇచ్చేశాను. నా స్వభావం అది. దాని గురించి నాకు కొంత గర్వం కూడా ఉండేది.

ఆ రోజుల్లో మా ఆసుపత్రికి తెలుగువాళ్లు బాగా వచ్చేవాళ్లు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల భార్యలు, తల్లులు. భర్తలకు ఆఫీసు హిందీ వచ్చు, వీళ్లకు కూరగాయల బండివాడితో మాట్లాడేంత హిందీ వచ్చు. పెద్ద డాక్టరు గారిది పంజాబ్. తెలుగు ఆవిడ ఎవరొచ్చినా వార్డు ఆయాతో నా గదికి పంపించి, "మేడమ్ కీ బెహెన్ ఆయీ హై" అని, మేడమ్ గారి చెల్లెలు వచ్చిందని, చెప్పించేవారు. మందు ఆయన రాసేవారు. ఆ మందు ఎందుకో, దాంతో ఏం తినాలో, ఏం తినకూడదో నేను చెప్పేదాన్ని.

థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్ల కోసం 2003 జూన్‌లో నేనొక తెలుగు షీటు తయారుచేశాను. మా ఆసుపత్రిలో తెలుగులో ఉన్న కాగితం అదొక్కటే. కంప్యూటర్లో తెలుగు టైపు చేసేవాళ్లు లేరు కాబట్టి నా చేత్తోనే గీతలు గీసి, గడులు కట్టి, రాసి, జిరాక్సు తీయించాను. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. మొదట రాసినప్పుడు అది రెండు పేజీలు వచ్చింది. రోగులు కాగితం రెండో వైపు తిప్పి చూడరని అనుభవం మీద తెలుసు. అందుకని ఒకే వైపుకు కుదించాను. తినకూడనివి పద్నాలుగు ఉన్నాయి, అందులో ఒక్కటి కూడా తీయలేదు. క్యాబేజీ, కాలీఫ్లవరు, ముల్లంగి, ఆవపిండి, ఆవనూనె, సోయా, ఇలా. తీసింది పైన. మొదటి ప్రతిలో "ఆరు గంటలకు మాత్ర, మంచినీళ్లతో, గంట వరకు ఏమీ వద్దు" అని ఒక గడి, "ఏడు గంటలకు పాలు పోసిన రాగి జావ, రెండు వందల మిల్లీలీటర్లు" అని దాని కింద ఇంకో గడి ఉండేవి. ఆ రెండు గడులనూ కలిపేశాను. "ఉదయం" అని పక్కన రాసి, ఒకే గడిలో మాత్ర, దాని కింద రాగి జావ కొలతతో సహా రాశాను. గంట వ్యవధి సంగతి నోటితో చెబుతాను కదా అనుకున్నాను. మొదట్లో చెప్పేదాన్ని కూడా. తర్వాత రోజుకు నలభై మంది రావడం మొదలయ్యాక, చెప్పానని అనుకునేదాన్ని.

ఆ గంట ఎందుకో మీకు తెలుసు, కొత్తగా చదివేవాళ్ల కోసం చెబుతున్నాను. థైరాయిడ్ మాత్రను పాలతోనో, రాగితోనో, ఐరన్ మాత్రతోనో కలిపి వేసుకుంటే అందులో చాలా భాగం ఒంటికి పట్టదు. మాత్ర వేసుకున్నట్టే ఉంటుంది, వేసుకోనట్టే పనిచేస్తుంది.

ఆ షీటు సరిగా ఉందో లేదో చూసేవాళ్లు లేరు. డాక్టరు గారికి తెలుగు రాదు. నా కింద పనిచేసే అమ్మాయిది రోహ్‌తక్, తనకీ రాదు. ఆసుపత్రిలో దాన్ని చదవగలిగినవాళ్లం ఇద్దరమే, రాసిన నేను, తీసుకెళ్లిన రోగి.

ఆ తొమ్మిదో ఎర్ర రాత ఎవరి గురించో ఆవిడ మొదటిసారి వచ్చింది 2005 సెప్టెంబరు 19, సోమవారం. జనక్‌పురి నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. నలభై ఒక్క ఏళ్లు. ఊరు కాకినాడ పక్కన. భర్త ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు, కూతురు పన్నెండో తరగతి. బరువు డెబ్బై ఒకటిన్నర కిలోలు. మొహం ఉబ్బి, గొంతు బొంగురుపోయి, మాట మెల్లగా వచ్చేది. డాక్టరు గారు యాభై మైక్రోగ్రాముల మాత్ర రాశారు. నేను షీటు ఇచ్చాను. ఆవిడ అక్కడే నిలబడి మొత్తం చదివింది. చాలామంది మడిచి సంచీలో పెట్టుకునేవాళ్లు.

"ఆవ పూర్తిగా మానెయ్యాలాండీ?" అని అడిగింది.

పూర్తిగా మానేయాలన్నాను.

"మా ఇంట్లో అరటికాయకీ పనసపొట్టుకీ ఆవ పెట్టకపోతే ఆయన ముద్ద దిగదండీ. సరే, ఆయనకి వేరే పెడతాను. నేను మానేస్తాను."

ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, అయోడిన్ ఉప్పు తింటూ, వండుకుని, మామూలుగా తినే మనిషికి ఆ పద్నాలుగింటిలో చాలావాటి వల్ల జరిగే నష్టం లేదు. ఆవిడ వాటినన్నిటినీ మానేసింది. ఢిల్లీ చలికాలంలో ఇంటింటా గోభీ ఉడుకుతున్నప్పుడు తను బీరకాయ వెతుక్కుని తినేది. ఆ కాలంలో దొరికే బీరకాయ ఎలా ఉంటుందో ఇక్కడున్నవాళ్లకు తెలుసు. రాగిపిండి కోసం మునీర్కాలో మనవాళ్ల కొట్టుకు వెళ్లేది.

రెండు నెలలకు రక్తపరీక్ష చేస్తే టీఎస్‌హెచ్ అంకె దాదాపు కదల్లేదు; ఒంట్లో థైరాయిడ్ తక్కువైతే అది పెరుగుతుంది, ఎక్కువైతే పడిపోతుంది. మందు డెబ్బై అయిదు చేశారు. జనవరిలో వంద. మార్చిలో నూట పాతిక. మే మొదట్లో నూట యాభై. అంకె మాత్రం పది, పన్నెండు మధ్యే ఊగింది. ఉండాల్సింది నాలుగుకు లోపు. డాక్టరు గారు ప్రతిసారీ ఒకే ప్రశ్న వేసేవారు: "ఖాలీ పేట్ లేతీ హో?", పరగడుపునే వేసుకుంటున్నావా అని. ఆవిడ "హా జీ" అనేది. అది నిజమే. మాత్రకు ముందు ఆవిడ కడుపులో ఏమీ ఉండేది కాదు. మాత్రతో పాటు ఏం వెళ్తోందో ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. నేను అడిగేవన్నీ గ్రాములు. ఎంత అన్నం, ఎన్ని చెంచాల నూనె, ఏ గిన్నెతో. ఎప్పుడు అనే గడిని అడక్కుండానే నింపేసేదాన్ని. ప్రభుత్వ క్వార్టర్లలో అందరి ఇళ్లూ ఆఫీసు చార్టర్డ్ బస్సును బట్టే నడుస్తాయి, ఎవరి టైమైనా ఒకటే అని నా నమ్మకం.

మా రోహ్‌తక్ అమ్మాయి మార్చిలో ఒకసారి అడిగింది. చేరి అప్పటికి అయిదు నెలలు. మెత్తగా, భయపడుతూ అడిగే మనిషి. ఈవిడ గోలీ, అంటే మాత్ర, ఎప్పుడు, దేనితో వేసుకుంటోందో ఒకసారి కనుక్కుందామా అంది. షీట్లో ఉందన్నాను. "షీట్లో ఏం రాసి ఉంది, మేడమ్? హిందీలో ఒక కాపీ ఉంటే నాకూ తెలుస్తుంది" అంది.

"తెలుగువాళ్ల షీటు నీకెందుకమ్మా? ముందు నీ హిందీ షీట్లో నూనె కొలతలు సరిగా వెయ్యడం నేర్చుకో."

అంతకు ముందు వారం ఆమె ఒక చార్టులో చెంచాకు అయిదు మిల్లీలీటర్ల బదులు పది అని వేసింది. ఆ తప్పు నేను పట్టుకున్నాను. దాన్ని రెండు వారాల పాటు గుర్తుచేస్తూనే ఉన్నాను. ఆ అమ్మాయి మళ్లీ అడగలేదు.

2006 మే 22, సోమవారం. మళ్లీ పరీక్ష చేస్తే పదమూడు వచ్చింది. మందు మూడింతలు అయింది, అంకె మొదటి రోజు దగ్గరే ఉంది. డాక్టరు గారు పుస్తకం బల్ల మీద పడేసి, మీ బెహెన్ గోలీలు వేసుకోవట్లేదు, లేకపోతే మీరు వద్దన్నవన్నీ తింటోంది, ఏదో తేల్చండి అన్నారు. నేను ఆవిడను కూర్చోబెట్టి అడిగాను. అడిగానని మెత్తగా రాస్తున్నాను, నిలదీశాను. బయట బెంచీ మీద భర్త ఉన్నాడు, తలుపు తీసే ఉంది.

ఆవిడ సంచీలోంచి తెలుగు క్యాలెండరు కాగితాలు తీసింది. పోయిన ఏడాదివి, ఈ ఏడాదివి, నెలనెలా చింపి దారంతో కుట్టినవి. ప్రతి తేదీ పక్కనా పెన్సిలుతో చిన్న టిక్కు ఉంది.

"ఒక్క రోజు కూడా తప్పలేదండీ. మీరు రాసిచ్చినట్టే వేసుకుంటున్నాను. చూడండి, మా మామగారి తద్దినం రోజు కూడా వేసుకున్నాను."

నేను ఆ కాగితాలు ముట్టుకోలేదు. "క్యాలెండరు మీద టిక్కులు ఎవరైనా పెట్టుకోవచ్చమ్మా" అన్నాను.

ఆవిడ కాగితాలు మడిచి సంచీలో పెట్టుకుంది. నేను పుస్తకం తీసి ఎర్ర పెన్నుతో ఇంగ్లీషులో రాశాను: పథ్యం పాటించడం లేదు, నిజం చెప్పడం లేదు. ఆ పుస్తకం రోగి ఇంటికి తీసుకెళ్లేది. భర్త బస్సులోనే చదివి ఉంటాడు.

ఆ వారంలోనే వైశాలి నుంచి ఆవిడ పెద్దాడపడుచు వచ్చి వాళ్లింట్లో దిగింది. ఇది నాకు తర్వాత కూతురు చెప్పింది. వంటింటి అలమర తాళాలు ఆ పెద్దావిడ కొంగుకు చేరాయి. పొయ్యి దగ్గరికి వెళ్లడానికి లేదు. పళ్లెంలో పెట్టింది తినాలి. కాలనీలో తెలుగువాళ్లందరికీ తెలిసింది, ఈవిడ రోగం దాచుకుని దొంగతనంగా తింటుందట అని. ఎవరింట్లో పేరంటమైనా పులిహోర కలపడానికి ఈవిడనే పిలిచేవాళ్లు. ఆ ఏడాది శ్రావణంలో పిలవలేదు.

పెద్దావిడకు రాగి జావ నచ్చలేదు. పొద్దున్నే ఆ బంకమన్ను ఎవరు కాస్తారని మానిపించింది. పూజ అయ్యాక ఎనిమిదిన్నరకు ఉప్మానో ఇడ్లీనో పెట్టేది. ఆరు గంటలకు మాత్ర మాత్రం తనే చేతిలో పెట్టి, గ్లాసు నీళ్లిచ్చి, మింగాక నోరు తెరిపించి చూసేది.

ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. నూట యాభై మైక్రోగ్రాముల మాత్ర మొదటిసారి మొత్తంగా ఒంటికి పట్టడం మొదలైంది. ఆవిడకు కావలసింది బహుశా డెబ్బై అయిదు.

జులై 17న వచ్చినప్పుడు బరువు అరవై ఆరుంబావు. ఎనిమిది వారాల్లో అయిదుంబావు కిలోలు తగ్గింది. మొహం వాపు పోయింది. భర్త చేతులు జోడించి, మీరు అలా గట్టిగా రాయబట్టే దారికొచ్చిందండీ అన్నాడు. నాకు సంతోషం వేసింది. ఆవిడ చేతులు వణుకుతున్నాయని, గుండె దడగా ఉందని, రాత్రుళ్లు నిద్ర లేదని చెప్పింది. వంటిల్లు పోయిందన్న ఉక్రోషం అనుకున్నాను. తర్వాతి రక్తపరీక్ష ఆగస్టులో ఉంది కదా, అప్పుడు డాక్టరు గారికి చెప్పుకోమన్నాను. పుస్తకంలో "బాగుంది" అని రాసి కింద గీత గీశాను.

ఆగస్టు 11, శుక్రవారం ఆవిడ కూరగాయల మార్కెట్లో పడిపోయింది. మా ఆసుపత్రికే తెచ్చారు. గుండె లయ తప్పి, నిమిషానికి నూట యాభై దాకా కొట్టుకుంటోంది. టీఎస్‌హెచ్ అంకె సున్నాకు దగ్గరగా పడిపోయింది. సోమవారం పొద్దున్న వార్డులో డాక్టరు గారు అందరి ముందూ లెక్క తేల్చేశారు. అదే మాత్ర, అదే మోతాదు. ఇంతకు ముందు ఒంట్లో లేదు, ఇప్పుడు ఎక్కువైంది. కాబట్టి ఇంతకు ముందు మందు పారేసేది, ఇప్పుడు వదిన గారు దగ్గరుండి మింగిస్తున్నారు. భర్త తల ఊపాడు. పెద్దాడపడుచు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, "నేను లేకపోతే ఏమైపోయేదో" అంది. నేను కూడా ఆ లెక్క సరిగ్గానే ఉందనుకున్నాను.

మంచం మీద ఆవిడ కళ్లు మూసుకుని ఉంది. రెప్పల కింద నీళ్లు వచ్చాయి, తుడుచుకోలేదు.

డాక్టరు గారు, భర్త వెళ్లిపోయారు. పెద్దావిడ టీ తాగి వస్తానని కిందికి దిగింది. అప్పుడు మా రోహ్‌తక్ అమ్మాయి నన్ను చూడకుండా కూతురి వైపు తిరిగి, ఇంట్లో ఆ షీటు ఉందా అని అడిగింది. ఉంది. పాత వంటింటి అలమర తలుపుకు లోపల అతికించింది ఆ పిల్ల అప్పటికే ఊడదీసి తనతో తెచ్చింది, మా అమ్మ ఏం తప్పు చేసిందో చూడండని. నూనె మరకలు పడి, మూలలు చిరిగి, నా గుండ్రటి అక్షరాలు ఇంకా స్పష్టంగానే ఉన్నాయి. కూతురు ఢిల్లీలోనే పుట్టింది, దానికి తెలుగు చదవడం రాదు.

"మమ్మీ, తూ పఢ్. మై దీదీ కో బతాతీ హూ" అంది తల్లితో, నువ్వు చదువు, నేను ఈ అక్కకు చెబుతానని.

ఆవిడ కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, బడిపిల్లలా ఒక్కో గడీ చదివింది. కూతురు హిందీలో చెబుతోంది. నేను మంచం కాళ్ల వైపు నిలబడి ఉన్నాను. నేను రాసింది ఇంకొకరి నోట వినడం అదే మొదటిసారి.

"ఉదయం. మాత్ర ఒకటి. పాలు పోసిన రాగి జావ, రెండు వందల మిల్లీలీటర్లు."

"సుబహ్. ఏక్ గోలీ. దూధ్ వాలీ రాగీ, దో సౌ ఎమ్మెల్."

రోహ్‌తక్ అమ్మాయి చెయ్యెత్తి ఆపింది. గోలీ దేనితో వేసుకునేవారో అడగమంది. కూతురు అడిగింది.

"జావతోనే" అంది ఆవిడ. "ఒకే గడిలో ఉన్నాయిగా. జావ గోరువెచ్చగా చేసుకుని, మొదటి గుక్కతో మాత్ర, తర్వాత మిగతా జావ. కొలత తగ్గకూడదని గీత ఉన్న గ్లాసు కొన్నాను. వదిన గారొచ్చాక జావ మానిపించారు. నాకు భయమే వేసింది, మేడమ్ గారు రాసింది తప్పుతున్నానేమోనని."

పక్క మంచం ఆవిడ రేడియో తగ్గించింది. మా అమ్మాయి నా వైపు చూసింది. ఆ చూపులో గెలిచినట్టు ఏమీ లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

నేను తెలుగులో చెప్పాను, అమ్మా, మాత్రకూ జావకూ మధ్య గంట ఉండాలి, నేను షీట్లో అది రాయలేదు, మీకు చెప్పనూ లేదు, తప్పు నాది అని. ఆ మాట ఆవిడకు చెప్పాను. అది మాత్రం రికార్డులో ఉండాలి.

ఆవిడకు కోపం రాలేదు. వచ్చి ఉంటే ఈ వ్యాసం ఇంకోలా ఉండేది. "అయితే నేను అబద్ధం ఆడలేదన్నమాట" అంది, తనకే ఎవరో ఆ సంగతి కొత్తగా చెప్పినట్టు. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"ఆ ఎర్ర అక్షరాలు కొట్టేస్తారాండీ?"

అది ఆసుపత్రి రికార్డు, కొట్టేయకూడదు, కింద ఇంకో మాట రాస్తానన్నాను.

"పోనీ ఆయనతో మీరే చెప్పండి. నేను చెబితే నమ్మరు. మీ నోటితో వింటే నమ్ముతారు. వదిన గారు వెళ్లిపోతారు. నా వంటిల్లు నాకొస్తుంది. ఇంకేం వద్దండీ."

చెబుతానన్నాను.

ఆ క్యాలెండరు కాగితాలు కూతురు నా దగ్గర వదిలి వెళ్లింది, దీదీ అడిగిందని. గదిలో కూర్చుని లెక్కపెట్టాను. సెప్టెంబరు 20 నుంచి మే 21 వరకు రెండు వందల నలభై నాలుగు రోజులు. రెండు వందల నలభై నాలుగు టిక్కులు. మళ్లీ లెక్కపెట్టాను. నా సొంత హాజరు పట్టీలో కూడా అంత నిక్కచ్చి ఉండదు. పాతికేళ్లుగా నేను వెతికిన రోగి అలాంటి మనిషే, చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. దొరికినప్పుడు అబద్ధాలకోరని రాశాను.

డాక్టరు గారికి ఆ మధ్యాహ్నమే చెప్పాను. ఆయన కొంచెంసేపు పెన్ను ఆడించి, మందు డెబ్బై అయిదుకు తగ్గిస్తున్నానన్నారు, షీటు మార్చమన్నారు. ఇంట్లోవాళ్లకు ఇదంతా విడమరచి చెప్పాల్సిన అవసరం లేదన్నారు. "టైమింగ్ కా ఇష్యూ థా, ఠీక్ హో గయా. బస్." వేళల్లో తేడా, సరైపోయింది, అంతే అని. ఆయన్ను తప్పుపట్టి నేను తప్పించుకోను. ఆయన వద్దని గట్టిగా ఏమీ అనలేదు. నాకు కావలసిన మాట అన్నారు, అంతే.

మిగతా వారమంతా పాత షీట్ల వెంట పడ్డాను. మూడేళ్ల రెండు నెలల్లో నూట ఎనభై ఏడు ఇచ్చాను. చిరునామాలు, ఫోన్లు దొరికినవాళ్లు తొంభై ఆరు మంది. వాళ్లలో ఇరవై ముగ్గురు మాత్రను జావతోనే మింగుతున్నారు. తక్కినవాళ్లు జావ తాగడం ఎప్పుడో మానేశారు, లేదా షీటే పారేశారు. నా మాట వినని వాళ్లే బాగున్నారు. కొత్త షీటు రెండు వైపులా రాశాను, పక్కన హిందీ పెట్టించాను. ఆ పని రోహ్‌తక్ అమ్మాయి చేసింది. దానికోసం నన్ను ఒక్కో గడీ చదవమని, రాసుకుని, తిరిగి చదివి వినిపించేది. చెంచా సంగతి నేను మళ్లీ ఎత్తలేదు.

ఆగస్టు 21న డిశ్చార్జి. భర్త పుస్తకం తీసుకుని నా గదికి వచ్చాడు. ఆవిడ బయట బెంచీ మీద కూర్చుంది. ఈసారి తలుపు నేనే వేశాను. ముందు రోజు ఇంట్లో ఒక వాక్యం తయారుచేసుకున్నాను. మీ ఆవిడ ఒక్క రోజూ తప్పు చేయలేదు, తప్పు నాది. మొత్తం ఎనిమిది మాటలు.

ఆయన కూర్చుంటూనే ఏమైంది మేడమ్ అసలు అని అడిగాడు. ఎంతో మర్యాదగా అడిగాడు. నన్ను నమ్మే మనిషి. నేను పుస్తకం తెరిచి, ఎర్ర అక్షరాల కింద నీలం సిరాతో "మందు వేళ సరిచేయబడింది" అని రాస్తూ, తలెత్తకుండా అన్నాను.

"మాత్ర వేసుకునే టైములో కొంచెం తేడా వచ్చిందండీ. ఇప్పుడు సరిచేశాం."

"నేను అనుకున్నాను లెండి. దానికి ఏదీ టైము ప్రకారం చెయ్యడం రాదు. మా అక్కయ్య ఉండబట్టి ఈ మాత్రం బయటపడ్డాం."

అప్పుడు చెప్పొచ్చు. ఎనిమిది మాటలు అక్కడే ఉన్నాయి. నేను పెన్నుకు టోపీ పెట్టాను. పుస్తకం ఆయనకు ఇచ్చాను. "ఇక మీదట జాగ్రత్తగా ఉండమనండి" అన్నాను.

ఆయన మందులు తెచ్చుకోవడానికి కౌంటరు వైపు వెళ్లాడు. నేను బయటికి వచ్చాను. ఆవిడ బెంచీ మీంచి లేచింది. చీర మార్చుకుని, తల దువ్వుకుని, ఎక్కడికో పేరంటానికి వెళ్తున్నట్టు తయారైంది.

"చెప్పారాండీ?"

"చెప్పాను."

"నేను అబద్ధం ఆడలేదని?"

"ఆ."

"ఏమన్నారు?"

"సరే అన్నారు."

మా అమ్మాయి ఫైళ్లు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. దానికి తెలుగు రాదు. కానీ ఆ నాలుగు మాటలు అర్థం కావడానికి తెలుగు రానక్కరలేదు. ఆ రోజు నుంచి నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. మరుసటి ఏడాది వేరే ఆసుపత్రికి వెళ్లిపోయింది. ఇప్పుడు అక్కడ పెద్ద హోదాలో ఉందని విన్నాను. ఉండాలి కూడా.

ఆవిడ తర్వాతి పరీక్షలు జనక్‌పురి దగ్గరి డిస్పెన్సరీలో చేయించుకుంది. నవంబరులో కూతురు ఒక్కతే వచ్చింది, కాలేజీ మెడికల్ సర్టిఫికెట్ కోసం. నా గది ముందు నుంచి పోతూ ఆగింది. అమ్మ ఎలా ఉందని అడిగాను. అంకె మూడుకు వచ్చిందట, గుండె బాగుందట.

"బువా అభీ భీ హమారే ఘర్ పే హై, ఆంటీ" అంది. మేనత్త ఇంకా మా ఇంట్లోనే ఉంది అని. ఆ తర్వాత, నా కోసమని, తనకొచ్చిన తెలుగులో చెప్పింది. "మమ్మీ రోజూ అంటుంది. మేడమ్ చెప్పేశారు, మీ నాన్న ఆలోచిస్తున్నారు, కొంచెం టైమ్ పడుతుంది అని. పాపా మాత్రం ఏమీ అనరు."

సర్టిఫికెట్ గది ఎటో చూపించి పంపించాను. వెనక్కి వచ్చి రిజిస్టరు తీశాను. వాళ్ల ఇంటి నంబరు ఉంది, పక్కనే ఆయన ఆఫీసు నంబరు ఉంది. ఫోను నా బల్ల మీదే ఉండేది. నేను 2012లో రిటైరయ్యాను, రిజిస్టరు అక్కడే వదిలేసి వచ్చాను. ఆ రెండు నంబర్లూ ఇప్పటికీ నాకు నోటికి వచ్చు.